ఛాతీ మీద పతకం, గడ్డకట్టిన పింఛను

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున పోరాడిన ‘సెనెగల్ తిరాయర్లు’ అనే ఆఫ్రికన్ సైనికుల్లో చివరగా మిగిలినవాడు అబ్దులాయ్ ఎన్‌జాయ్. సోమ్ యుద్ధంలో గాయపడిన మనిషి. యుద్ధం ముగిసి 80 ఏళ్లు నిండే రోజున, 1998 నవంబర్ 11న, ఆయనకు తన అత్యున్నత పురస్కారమైన లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం అందించాలని ఫ్రాన్స్ నిర్ణయించింది. ముందురోజే, నవంబర్ 10న, ఆయన తన సొంతూరులో కన్నుమూశారు. ఒక్క రోజు తేడాతో పతకం అందలేదని ఈ సంగతిని చెబుతుంటారు. ఎనభై ఏళ్ల ఆలస్యాన్ని ఒక్క రోజు కింద లెక్కగట్టడం నాకు మింగుడుపడదు.

తిరాయర్లది ఫ్రెంచి సైన్యంలో తేలికపాటి పదాతిదళం. 1857లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ఆదేశంతో, అక్కడి గవర్నర్ ఫెదెర్బ్ చొరవతో సెనెగల్‌లో మొదలైంది. పేరు సెనెగల్‌దే అయినా ఆ దళంలో మాలి, గినీ, బుర్కినా ఫాసో, ఐవరీ కోస్ట్, నైజర్ ప్రాంతాల కుర్రాళ్లంతా ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధానికి పశ్చిమ ఆఫ్రికా నుంచి సుమారు 2 లక్షల మందిని చేర్చుకుంటే దాదాపు 30 వేల మంది తిరిగి రాలేదు. మన యానాం కూడా భాగంగా ఉన్న ఫ్రెంచి ఇండియా నుంచీ ఆ యుద్ధానికి సైనికులు వెళ్లారు. అయితే ఆఫ్రికా మోసిన బరువు వేరు.

1918లో మనుషులు చాలక ఫ్రాన్స్ సతమతమవుతుంటే, పార్లమెంటు సభ్యుడైన ఆఫ్రికన్ నాయకుడు బ్లేజ్ డియాన్ ఊరూరా తిరిగి 60 వేల మందికి పైగా సైన్యంలో చేర్పించారు. అప్పుడు ఇచ్చిన ఆశల్లో పతకం ఒకటి. యుద్ధంలో పతకాలు గెలిచినవారికి ఫ్రెంచి పౌరసత్వానికి దారి తెరుస్తామని ప్రభుత్వం డిక్రీలు తెచ్చింది. అంటే ఆ కుర్రాడికి పతకం అలంకారం కాదు, మనిషిగా సమాన హోదా ఇప్పిస్తుందని చెప్పి చేతిలో పెట్టిన హామీ పత్రం.

పతకంతో వచ్చే డబ్బు మాత్రం లెక్కలోకే రాదు. సాధారణ సైనికులకు, కింది స్థాయి అధికారులకు ఇచ్చే మెదాయ్ మిలితేర్‌ను 1852లో పెట్టినప్పుడు ఏడాదికి 100 ఫ్రాంకుల భత్యం ఉండేది. యూరో వచ్చాక అది ఏడాదికి 4.57 యూరోలైంది. మన డబ్బులో నాలుగైదు వందలు. లీజియన్ ఆఫ్ ఆనర్ తొలి శ్రేణికైతే 6.10 యూరోలు. పతకం గౌరవం కోసం, కడుపు నింపేది పింఛను అని దీన్నిబట్టే తెలుస్తుంది. ఫ్రాన్స్ చేయి వెనక్కి తీసుకుంది సరిగ్గా ఆ పింఛను దగ్గరే.

1959 డిసెంబర్‌లో ఆర్థిక చట్టంలో 71వ అధికరణం చేర్చి, స్వాతంత్ర్యం పొందుతున్న వలస దేశాల మాజీ సైనికుల పింఛన్లను ఉన్నచోటే ఆపేశారు. ఫ్రాన్స్‌లో ధరలతో పాటు ఫ్రెంచి సైనికుడి పింఛను పెరుగుతూ పోయింది. అదే కందకంలో అతని పక్కన నిలబడ్డ ఆఫ్రికన్ పింఛను మాత్రం దశాబ్దాల తరబడి కదల్లేదు. ఒకే యుద్ధం, ఒకే హోదా, ఒకే రకం గాయం. తేడా అల్లా పాస్‌పోర్టు.

దీన్ని సమర్థించేవాళ్లు చెప్పే మాట ఒకటుంది. సెనెగల్‌లో బతుకు ఖర్చు తక్కువ, పారిస్ లెక్కన ఇవ్వనక్కర్లేదని. ఈ వాదన నిలవదు. పారిస్ వదిలి చవకగా బతకగలిగే పల్లెకు మారిన ఫ్రెంచి సైనికుడికి పింఛనేమీ తగ్గించరు కదా! 743 మంది సెనెగల్ మాజీ సైనికుల ఫిర్యాదుపై 1989లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ సూటిగా తేల్చింది: పింఛను వచ్చింది చేసిన సేవకు, జాతీయత మారిందని దాన్ని తగ్గించడం వివక్ష అని. అయినా ఫ్రాన్స్ కదల్లేదు. 2001లో దేశ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం అమాదు డియోప్ అనే సార్జెంట్ కేసులో అదే మాట చెప్పేనాటికి ఆ సార్జెంట్ బతికి లేరు. ఉత్తర ఆఫ్రికా సైనికులపై 2006లో ఒక సినిమా వచ్చి జనం కదిలాక గానీ అప్పటి అధ్యక్షుడు షిరాక్ కొన్ని పింఛన్లు సమం చేయలేదు. మిగిలినవి సమం కావడానికి 2010లో రాజ్యాంగ మండలి తీర్పు దాకా ఆగాల్సి వచ్చింది. ఎవరో కావాలని ముసలివాళ్ల చావు కోసం ఎదురుచూశారని నేననను. కానీ వాయిదా పడ్డ ప్రతి ఏడాదీ అర్హుల జాబితా తరిగిపోయింది, ఖజానాకు భారం తగ్గింది.

ఆ తర్వాతా షరతులు పోలేదు. వృద్ధాప్య భత్యం రావాలంటే ఏడాదిలో కనీసం ఆరు నెలలు ఫ్రాన్స్‌లో ఉండాల్సి వచ్చేది. తొంభై ఏళ్ల వయసులో పారిస్ శివార్ల ఇరుకు గదుల్లో, పెళ్లాం పిల్లలకు దూరంగా ఉన్న వృద్ధుల కోసం ఆ నిబంధన సడలించింది 2023లోనే. ఆ ఏప్రిల్‌లో తొమ్మిది మంది భత్యం పోతుందన్న భయం లేకుండా సెనెగల్ వెళ్లిపోయారు. వాళ్లను అధ్యక్షుడు మేక్రాన్ తన అధికార నివాసమైన ఎలిజే భవనానికి పిలిచి సన్మానించారు. సన్మానం మంచిదే, కాదనను. కానీ ఆ పెద్దలు ఇరవై ఏళ్ల ముందే ఇంటికెళ్లి మనవల మధ్య ఉండాల్సింది.

అన్నిటికన్నా పెద్ద బాకీ తియారోయ్‌ది. 1944 డిసెంబర్ 1న, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, సెనెగల్‌లోని డాకర్ దగ్గర ఆ సైనిక శిబిరంలో, జర్మన్ల చెర నుంచి బయటపడి వచ్చిన తిరాయర్లు తమ జీతం బకాయిలు అడిగారు. ఫ్రెంచి సైన్యం వాళ్లపై కాల్పులు జరిపింది. అధికారిక లెక్క మొదట 35 మంది, తర్వాత 70. వందల్లో చనిపోయారని చరిత్రకారులు వాదిస్తున్నారు. బతికినవారిలో 34 మందికి జైలు శిక్ష వేసి, ఆనక క్షమాభిక్ష పెట్టారు. నిర్దోషులని మాత్రం అనలేదు. అక్కడ చనిపోయిన ఆరుగురిని ‘ఫ్రాన్స్ కోసం ప్రాణమిచ్చినవారు’గా గుర్తించడానికి 2024 జూన్ దాకా పట్టింది. అదే ఏడాది నవంబర్‌లో ఆ కాల్పులను ఊచకోతగా ఒప్పుకుంటూ మేక్రాన్ సెనెగల్ అధ్యక్షుడికి లేఖ రాశారు.

ఆరుగురితో ఆగడం తగదు. మిగతావారి పేర్లన్నీ బయటపెట్టాలి, 34 మంది మీది శిక్షలను కోర్టు ద్వారా రద్దు చేయాలి. ఆ ఉదయం అడిగిన జీతం బకాయిలను నేటి విలువతో లెక్కగట్టి వారసులకు చెల్లించాలి. పతకాల ఊసు దాని తర్వాతే.