గోడకెక్కని ఫొటో

ఆదివారం పొద్దున మా కాలనీ షటిల్ కోర్టులో నేనూ బాబాయీ జంటగా ఆడి, ఇంటర్ చదివే ఇద్దరు కుర్రాళ్ల చేతిలో ఓడిపోయి, బయట బెంచీ మీద కూర్చున్నాం. బాబాయ్‌కి అరవై దాటాయి. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. కోర్టు కమిటీలో ఆయన మాటకి బరువుంది. ఈ మధ్యే లోపల గోడకి ఫొటోలు తగిలించారు. ప్రకాశ్ పడుకోన్, గోపీచంద్, సైనా, సింధు, ఒకే ఫ్రేములో సాత్విక్, చిరాగ్. డబుల్స్ ఆడిన గుత్తా జ్వాల లేదు. గొడవ మొదలుపెట్టింది నేనే. రాస్తున్నదీ నేనే కాబట్టి నా మాటలు కాస్త ఎక్కువే ఉంటాయి, బాబాయ్ ఏమీ అనుకోడు.

నేను: జ్వాల ఫొటో ఏది బాబాయ్?

బాబాయ్: మీటింగులో ఎవరో అడిగారు. వద్దనుకున్నాం.

నేను: వద్దన్నది ఎవరు?

బాబాయ్: నేనే అనుకో. ఆవిడెప్పుడూ ఏదో ఒక గొడవే కదమ్మా. బ్యాడ్మింటన్ అసోసియేషన్‌తో గొడవ, కోచ్‌తో గొడవ, పేపర్లో గొడవ. పొద్దున్నే పిల్లలొచ్చి ఆడుకునే చోటిది. వాళ్లు చూసి ఆట నేర్చుకోవాలి గానీ నోరు నేర్చుకోవడం దేనికి?

నేను: 2011లో లండన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. జ్వాల, అశ్విని పొన్నప్ప కాంస్యం తెచ్చారు. అంతకుముందు ఆ పోటీల్లో మనకి పతకం వచ్చిందెప్పుడు?

బాబాయ్: 1983లో, ప్రకాశ్‌కి. నాకే పాఠమా?

నేను: మధ్యలో ఇరవై ఎనిమిదేళ్లు ఏమీ లేదు. మన ఆడవాళ్లకైతే అదే మొదటిది. సింధు, సైనా ఆ పోటీల్లో పతకాలు తెచ్చింది కూడా ఆ తర్వాతే.

బాబాయ్: ఆట గురించి నేనేమైనా అన్నానా? ఆ ఎడంచేతి వాటం, నెట్ దగ్గర ఆ ఒడుపు, నాకు తెలీక కాదు. అభిమానికి కావాల్సింది ఆట. మనిషి ఎలాంటిది, ఎవర్నేమంది, అదంతా మనకెందుకంటాను.

నేను: ఆగాగు. మనిషి సంగతి మనకెందుకు అనుకుంటే ఫొటో పెట్టాలిగా. ఆటే చూడాలంటావు, మళ్లీ నోరు చూసి ఫొటో వద్దంటావు. రెండింట్లో ఏదో ఒకటి చెప్పు.

బాబాయ్: పట్టావులే. సరే, ఇలా చెప్తా. ఆట చూసేటప్పుడు ఆటే చూస్తాం. గోడకి పెట్టుకునేటప్పుడు మనిషిని కూడా చూస్తాం. పెళ్లి భోజనానికి వెళ్లినప్పుడు వంటాయన గుణగణాలు ఎవడూ అడగడు. అదే మనిషిని మనింట్లో వంటకి పెట్టుకోవాలంటే నాలుగు చోట్ల విచారిస్తాం. తప్పా?

(మాట బాగానే ఉందని అప్పుడే అనిపించింది. ఒప్పుకునే మూడ్‌లో మాత్రం లేను.)

నేను: మరి మీ హాల్లో క్రికెటర్ అజరుద్దీన్, అదే మీ అజ్జూ ఫొటో ఎప్పట్నుంచి ఉంది?

బాబాయ్: అజర్‌ని మధ్యలోకి లాగకు.

నేను: లాగుతాను. చిన్నప్పట్నుంచీ వింటున్నా. ఇంగ్లండ్ మీద మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు, ఆ మణికట్టు, గట్టిగా ఒక్క మాట మాట్లాడని మనిషి. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణ మీద క్రికెట్ బోర్డు ఆయనకి జీవితకాల నిషేధం వేసింది. ఫొటో తీసేద్దామని పిన్ని అంటే, ‘ఆట వేరు, మనిషి వేరు’ అన్నావట.

బాబాయ్: ఆ నిషేధం చెల్లదని 2012లో మన హైకోర్టే చెప్పింది.

నేను: పన్నెండేళ్ల తర్వాత చెప్పింది. అప్పటిదాకా ఫొటో గోడ దిగలేదు. అజర్ తప్పు చేశాడని నేననడం లేదు. మెత్తగా మాట్లాడే మనిషి విషయంలో పన్నెండేళ్లు ఓపిక పట్టావు, గట్టిగా మాట్లాడే మనిషి విషయంలో ఒక్క మీటింగు కూడా ఆగలేదు, అదంటున్నా. జ్వాల మీదా 2013లో జీవితకాల నిషేధం వేయమని అసోసియేషన్ క్రమశిక్షణ కమిటీ సిఫారసు చేసింది. ఎందుకని? బ్యాడ్మింటన్ లీగ్‌లో అవతలి జట్టువాళ్లు గాయపడిన ఆటగాడి బదులు ఆఖరి నిమిషంలో ఇంకొకణ్ణి దించబోయారు. ఈమె జట్టు ఒప్పుకోలేదు. మ్యాచ్ ఆలస్యమైంది. అందుకు! ఆమె కూడా ఢిల్లీ హైకోర్టుకెక్కాకే మళ్లీ ఆడగలిగింది.

బాబాయ్: తోటివాళ్లని కోర్టులో దిగొద్దని ఆపిందన్నది ఆరోపణ. అది నిజమో కాదో నాకు తెలీదు. కానీ టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు ఆట ఎప్పుడు మొదలవుతుందో తెలీక కూర్చున్నారా లేదా? మనం మాట్లాడేది అభిమాని గురించే కదా. ఆ రోజు ఆ కుర్చీలో ఉన్నవాణ్ణి అడుగు, ఆవిడ ధైర్యం కావాలో ఆట కావాలో.

నేను: ఆ ఆలస్యానికి జీవితకాలమా? ఆ నిషేధం పడుంటే 2014లో మన ఆడవాళ్ల జట్టుకి మొదటిసారి ఉబెర్ కప్ కాంస్యం వచ్చిన రోజున, గ్లాస్గో కామన్వెల్త్‌లో రజతం వచ్చిన రోజున ఆమె ఇంట్లో కూర్చుని టీవీ చూస్తూ ఉండేది.

బాబాయ్: నిషేధం ఎక్కువే అనుకో. కానీ ఆ లీగ్‌తో ఆవిడ గొడవ డబ్బు దగ్గరే కదా మొదలైంది?

నేను: డబ్బే. ఆ డబ్బు సంగతే చెప్తా, పూర్తిగా విను. 2013లో లీగ్ మొదటి వేలం. జ్వాలకీ అశ్వినికీ మూల ధర 50,000 డాలర్లన్నారు, ఐకాన్ ప్లేయర్లన్నారు. తీరా వేలం ముందు చూస్తే మహిళల డబుల్స్ అన్నదే పోటీలో లేదు. దాన్ని తీసేసి మగవాళ్ల సింగిల్స్ ఇంకోటి పెట్టారు. వీళ్లిద్దరి ధర సగం, 25,000. ప్రపంచ పతకం తెచ్చిన జంటకి, ‘మీ ఆట మాకక్కర్లేదు, అయినా రండి, సగం ధరకి’ అన్నట్టే. ఆమె ఊరుకోలేదు. ఊరుకోవాలా? బ్యాంకులో డీఏ ఒక నెల ఆలస్యమైతే నువ్వు యూనియన్ ఆఫీసులో బైఠాయించేవాడివి, పిన్ని క్యారేజీ అక్కడికే పంపేది. జ్వాలకి యూనియన్ లేదు. నోరొక్కటే ఉంది.

ఇంకొకటి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల ఆఖరి రోజు. మనకి 38 స్వర్ణాలు, ఇంగ్లండ్‌కి 37. ఒక్కటంటే ఒక్కటి ఎక్కువై రెండో స్థానంలో నిలిచాం. ఆ 38వది సైనాది. మ్యాచ్ పాయింట్ కాచుకుని గెలిచింది, అందరికీ గుర్తే. 37వది ఎవరిదో ఎవర్నైనా అడుగు. అదే రోజు, మహిళల డబుల్స్‌లో, జ్వాల, అశ్విని. అది లేకపోతే 38 ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆమె ఏళ్ల తరబడి అడిగింది ఇదే. డబుల్స్‌కి వేరే కోచ్ ఎందుకు లేడు, జాతీయ కోచ్ గోపీచందే సొంత అకాడమీ నడుపుతుంటే బయటివాళ్ల సంగతి ఎవరు చూస్తారు అని. ఇందులో ఏ మాట తప్పో చెప్పు, వింటా. నోరు పెద్దదనడం జవాబు కాదు, జవాబు ఎగ్గొట్టడం.

బాబాయ్: జవాబే కావాలా? గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టాడు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడు కూల్‌డ్రింకు ప్రకటన చేయనన్నాడు, కోట్లొస్తాయన్నా చేయనన్నాడు. ఆ అకాడమీలో ఆడినవాళ్లే ఒలింపిక్స్‌లో పతకాలు తెచ్చారు, 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం. గిన్నెలో ఉన్న అన్నం కాస్త, విస్తళ్లు చాలా. ఎవరు ఒలింపిక్స్‌లో పతకం తెస్తారనిపిస్తే వాళ్లకి ముందు వడ్డిస్తారు. దాన్ని నువ్వు పక్షపాతమంటావు, నేను లెక్కంటాను.

నేను: చూశావా, ఇది మాట! ఇలా మాట్లాడితే నేనూ ఆలోచిస్తా. కానీ గిన్నె పట్టుకున్నదీ ఆయనే, వడ్డించేదీ ఆయనే, ఎవరికి ఆకలేస్తోందో తేల్చేదీ ఆయనే అయితే, ఆయన ఎంత మంచివాడైనా పంక్తిలో ఒకరు లేచి అడగాలి. అడిగినవాళ్లకి మర్యాద తెలీదంటే ఎట్లా?

బాబాయ్: అడిగి ఏం సాధించింది? సాత్విక్‌ని చూడు. అమలాపురం కుర్రాడు. చిరాగ్‌తో కలిసి ఆసియా క్రీడల స్వర్ణం కొట్టాడు, 2023లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. అదీ డబుల్స్‌లోనే. గొడవ లేదు, గోల లేదు. గెలిచినప్పుడు ఆ డాన్సు తప్ప.

నేను: వాళ్లకి డబుల్స్ కోచ్ ఉన్నాడు! 2015లో మలేసియా నుంచి టాన్ కిమ్ హర్‌ని తెచ్చారు. ఆ ఇద్దర్నీ జత కలిపిందే ఆయన. అలాంటి కోచ్ కావాలని అంతకు ఎన్నేళ్ల ముందు నుంచి అరిచింది ఎవరు?

బాబాయ్: తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందట వెనకటికో ముసలమ్మ. ఆవిడ అరిచింది, తర్వాత కోచ్ వచ్చాడు. అరిచింది కాబట్టే వచ్చాడని నీకెవరు చెప్పారు?

(దీనికి నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా, ఇప్పటికీ లేదు. అందుకే మాట మార్చాను.)

నేను: ఎవరూ చెప్పలేదులే. డబుల్స్‌లో నోరు మూసుకుంటే ఏమవుతుందో మాత్రం ఇందాకే చూశాం. రెండో గేములో 18–18 ఉన్నప్పుడు మధ్యలోకి వచ్చిన షటిల్‌కి ‘నాది’ అన్నావా?

బాబాయ్: అది నీదే. నువ్వు తీస్తావని వదిలేశా.

నేను: నువ్వు ఎడం పక్క ఉన్నావు. మధ్యలోకి వస్తే నీకు ఫోర్‌హ్యాండ్, నాకు బ్యాక్‌హ్యాండ్. ఎవరు తీయాలి?

బాబాయ్: నేను వెనక్కి వెళ్తున్నానే!

నేను: వెళ్తున్నట్టు నాకెలా తెలుస్తుంది? నా వీపుకి కళ్లున్నాయా? 19–18 దగ్గర అయితే నా తల మీదుగా వచ్చి మరీ కొట్టావు, రాకెట్టు నా చెవికి తగిలింది.

బాబాయ్: తగిలింది ఫ్రేము కాదు, తీగలు. అయినా ఆ నైలాన్ షటిల్ ఎటు పోతుందో దేవుడికే తెలీదు. నాకు ఆట నేర్పకు, నలభై ఏళ్లుగా డబుల్స్ ఆడుతున్నా.

నేను: నలభై ఏళ్లుగా సింగిల్సే ఆడుతున్నావు బాబాయ్, పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని.

(ఇడ్లీ బండి అతను నవ్వాడు. బాబాయ్ నవ్వలేదు. కాసేపు టవల్‌తో మెడ తుడుచుకున్నాడు.)

బాబాయ్: పక్కన మనిషి గురించి నువ్వా నాకు చెప్పేది? ఇందాకట్నుంచీ వింటున్నా. జ్వాల అంది, జ్వాల అడిగింది, జ్వాల కోర్టుకెక్కింది. పతకాల లెక్క దగ్గరా ధర దగ్గరా తప్ప అశ్విని పేరెత్తావా? ధర సగం చేసింది ఆ పిల్లకి కూడా కదా. కోర్టు వెనక నుంచి ఆ స్మాష్ గుర్తుందా నీకు? ముప్పై నాలుగేళ్ల వయసులో, 2024లో, వేరే అమ్మాయితో జత కట్టి పారిస్ ఒలింపిక్స్ కూడా ఆడింది. అది తెలుసా? గట్టిగా మాట్లాడే ఆవిడ నీకు బాగా గుర్తుంది. అంతగా మాట్లాడని ఆవిడని నువ్వే మర్చిపోయావు. రేపు ఈ కోర్టులోంచి నోట్లో నాలుక లేని పిల్ల ఒకతె పైకొస్తే, నీలాంటి అభిమానులు ఆవిణ్ణి చూస్తారా? నీకు ఇష్టమైంది ఆటా, గొడవా?

నేను: …రెండూ. అందులో సిగ్గుపడేదేముంది? కానీ బాబాయ్, మాట్లాడని వాళ్లని మాట్లాడమని నేను అడగడం లేదు. అశ్విని ఊరుకుందంటే అది ఆమె ఇష్టం. నా బాధ వేరే. మనిషితో పనిలేదు, ఆట చాలు అంటామే, మనిషిని ముందు ఆటలోకి లాగేది మనమే. జ్వాల తల్లి చైనా ఆవిడని ఎంతమంది ఎన్ని కూశారో నీకూ తెలుసు. 2020లో కరోనా వచ్చినప్పుడు తనని ‘హాఫ్ కరోనా’ అన్నారని ఆమే చెప్పింది. కన్నతల్లిని అన్నారు, ముఖాన్ని అన్నారు, వేసుకున్న బట్టల్ని అన్నారు. అప్పుడెవరూ లేచి, ‘అయ్యా, అభిమానికి ఆట చాలు, మిగతాది మనకెందుకు’ అనలేదు. ఆమె తిరిగి ఒక మాట అన్నప్పుడు మాత్రం అందరికీ ఆ సంగతి గుర్తొస్తుంది. మన ఇష్టమొచ్చినప్పుడు మనిషి, మనకి ఇబ్బందైనప్పుడు ఉత్త ఆట. నువ్వు ఇందాక వంటాయన గురించి చెప్పావు చూడు, ఆ మాట నాకు నచ్చింది. కాకపోతే మనం చేసిందేమిటంటే, వంట తిన్నాం, లొట్టలేశాం, వంటాయన కూలి అడిగేసరికి గుణం విచారించడం మొదలుపెట్టాం.

బాబాయ్: ఆ కరోనా మాట నాకు తెలీదు.

నేను: ఇప్పుడు తెలిసిందిగా.

బాబాయ్: అది తప్పు. చాలా తప్పు. …అయినా ఆవిడ కాస్త మెల్లిగా చెప్పుంటే పని జరిగేదేమో అని నాకు ఇప్పటికీ ఉంది. అది మాత్రం మార్చుకోను.

నేను: మార్చుకోకు. ఫొటో సంగతి చెప్పు.

బాబాయ్: వచ్చే మీటింగులో పెడతా. ఒప్పుకుంటారని మాటివ్వను. నేను ఒప్పుకుంటానని కూడా మాటివ్వను. కానీ ఒకటి. పెడితే ఇద్దరూ ఉండాలి. సాత్విక్‌నీ చిరాగ్‌నీ ఒకే ఫ్రేములో పెట్టాం, చూశావుగా. ఒక్కదాని ఫొటో తెస్తే మాత్రం నేనే తీసేస్తా.

లేచి ఇడ్లీ బండి దగ్గరికి వెళ్లాడు, రెండు ప్లేట్లు చెప్పాడు. నా రాకెట్ బ్యాగులో ఒక కవరుంది. ఎలాగైనా ఒప్పించాలని వారం కిందటే ప్రింటు వేయించి పెట్టుకున్నా. తీసి చూశాను. ఢిల్లీ, 2010, మెడలో స్వర్ణంతో జ్వాల నవ్వుతోంది. ఒక అంచున ఇంకెవరిదో భుజం, మోచేతి దాకా కనిపిస్తోంది. ఫ్రేము సైజుకి పట్టడం లేదని మిగతాది కత్తిరించమంది నేనే.