టైర్ లిస్ట్ గారికి డి వరస నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ టైర్ లిస్ట్ గారికి,

విజయనగరం నుంచి మీ డి వరస ఆటగాడు రాయునది. ఉభయకుశలోపరి. మీ ఎస్ వరసలో ఉన్నవాళ్లంతా బాగున్నారా అని వేరే అడగనక్కర్లేదు, వాళ్ల బాగోగులు చూడటానికే కదా మీరున్నది. మేము మాత్రం మీరు కిందటిసారి ఎక్కడ కూర్చోబెట్టారో అక్కడే ఉన్నాం.

మిమ్మల్ని ఎరగని పెద్దవాళ్ల కోసం రెండు ముక్కలు. వీడియో గేముల్లో ఎదురెదురుగా పోటీపడి ఆడేవి ఉంటాయి. వాటిలో పదులకొద్దీ క్యారెక్టర్లు. ఎవడు మొనగాడు, ఎవడు దండగ అని తేల్చి పైవాళ్లకి ఎస్, తర్వాత ఏ, బి, సి, డి అని వరసలు కట్టే పట్టిక మీరు. ఆట తయారుచేసినవాళ్లు మధ్యమధ్య ప్యాచ్ అని ఒకటి వదిలి కొందరి బలం తగ్గిస్తారు, దాన్ని నెర్ఫ్ అంటాం. కొందరికి పెంచుతారు, అది బఫ్. ఏ కంటే ముందు ఎస్ వస్తుందని మేము ఎలిమెంటరీ స్కూల్లో రాసుంటే మేష్టారు గోడకుర్చీ వేయించేవారు. మీకు చెల్లింది.

సాయంత్రం ఆరు దాటితే మా బ్యాచ్ గంటస్తంభం దగ్గర చేరుతుంది. ముంత మసాలా బండతను మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి, నిమ్మకాయ పిండి, టకటకా కలిపి పొట్లం చేతికిచ్చేలోపే మీ ప్రస్తావన వచ్చేస్తుంది. పైడిరాజు ఫోన్ తీస్తాడు. దాని స్క్రీన్ మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక పగులు. పగులుకి పైన ఎస్, ఏ వాళ్లు, కింద మిగతా జనం. నిమ్మరసం అంటిన వేలితో జరుపుతూ "ఇదిగో, మనోడిని మళ్లీ సి లోకి తోసీసారు. ఏటన్యాయం ఇది?" అంటాడు. ఇక కరెంటు బిల్లు లేదు, గ్రూప్స్ నోటిఫికేషన్ లేదు, ఎవడి పెళ్లిచూపులూ లేవు. వాటి గురించి ఇంత కోపంగా మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఒకరోజు వాదన ముదిరింది. ఫలానా క్యారెక్టర్‌కి దూరం నుంచి కొట్టే బలం మరీ ఎక్కువుందని, బ్యాలెన్స్ లేని ఆట ఆటే కాదని పైడిరాజు గొంతు చించుకుంటున్నాడు. బొబ్బిలి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే శ్రీను అంతసేపూ మరమరాలు నములుతూ విన్నాడు. విని, "1757లో ఫ్రెంచోడు బుస్సీ ఫిరంగులు ఎంటబెట్టుకుని మా మట్టికోట మీదకొచ్చిన ఊరోళ్లు మీరు. దూరం నుంచి కొట్టడం అన్యాయమని మీరా సెప్పడం?" అన్నాడు. పైడిరాజు తగ్గే రకం కాదు. "మరి మీ తాండ్ర పాపారాయుడు గుడారంలోకి దూరి మా రాజుగారిని పొడిసీలేదేటి? ముందు ఆ దొంగచాటు దెబ్బని నెర్ఫ్ సెయ్యాల" అన్నాడు. ఎప్పుడో జరిగిపోయిన యుద్ధానికి ప్యాచ్ అడిగే జనం మీకు ఇంకెక్కడా దొరకరు. మమ్మల్ని ఇంతటివాళ్లని చేసింది మీరే.

మీరు అబద్ధాలకోరని నేననను. మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 అనే ఆట 2000లో వచ్చింది. అందులో 56 మంది. పెద్ద పోటీలు చూస్తే మాత్రం మాగ్నెటో, స్టార్మ్, సెంటినెల్, కేబుల్, తిప్పి తిప్పి ఈ నలుగురే. మిగతావాళ్లు పెళ్లికి పిలిచి భోజనం పెట్టని చుట్టాలు. 1994 నాటి సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బోలో అకూమాని అమెరికా టోర్నమెంట్లలో తీసుకోనివ్వలేదు. 2020లో ఎవో జపాన్ అనే పెద్ద పోటీలో టెక్కెన్ 7 చివరి ఎనిమిదిమందిలో ఆరుగురు ఒకే క్యారెక్టర్‌ని పట్టుకుని వచ్చారు, అప్పుడే కొత్తగా దిగిన లీరాయ్ స్మిత్‌ని. అక్కడ మీరు ఎస్ వేస్తే కాదనేవాడు లేడు. తర్వాత అతనికి గట్టిగానే కత్తెర పడింది.

నా పేచీ వేరే. మీరు ఎవరి ఆట చూసి రాస్తున్నారు, దాన్ని ఎవరు నెత్తిన పెట్టుకుంటున్నారు?

మా చిన్నప్పుడు కంటోన్మెంట్ వైపు ఒక వీడియోగేమ్ షాపు ఉండేది. రేకుల గది, రెండు టీవీలు, ఒక బల్ల, పెళుసెక్కిన జాయ్‌స్టిక్కులు. ఆడేది టెక్కెన్ 3 ఒక్కటే. అందులో ఎడ్డీ గోర్డో అని బ్రెజిల్ కపోయెరా వీరుడు. వాడిని తీసుకుని తన్నే బటన్లు రెండూ ఎడాపెడా నొక్కేస్తే చాలు, తలకిందులుగా గిరగిరా తిరుగుతూ ఎదుటివాడిని లేవనివ్వడు. నిన్నగాక మొన్న జాయ్‌స్టిక్ పట్టుకున్న గుంటడు కూడా మా సీనియర్లని నేలకి దించేసేవాడు. గొడవలు ఎక్కువై షాపు బాబాయ్ అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి టీవీ పక్కన అంటించాడు: "ఎడ్డీ ఆడినచో గంటకు రెండు రూపాయలు అదనం." ఇంత సూటైన బ్యాలెన్స్ ప్యాచ్ ఏ కంపెనీ నుంచీ వచ్చినట్టు నేను వినలేదు. ఎడ్డీ వాడకం వారంలో పడిపోయింది.

కానీ చూడండి, టెక్కెన్ 3 లోతు తెలిసిన ఆటగాళ్లు పైన పెట్టింది జిన్‌ని. ఎడ్డీని కాదు. మా కంటోన్మెంట్‌లో జిన్‌ని తీసుకున్నవాడి మీద జాలిపడేవాళ్లం. అతని దెబ్బలు చేతికి పట్టుబడాలంటే గంటలు కావాలి, గంటకి డబ్బులు కావాలి. బాబాయ్ అట్టముక్క మా గదికి నిజం, మీ పట్టిక టోర్నమెంట్ స్టేజీకి నిజం. తేడా ఏమిటంటే, బాబాయ్ తన అట్టని పక్క షాపులో అంటించడానికి వెళ్లలేదు.

ఇదే సంగతి ఆట చేసేవాళ్లకీ తెలుసు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆటవాళ్లు 2019లో తమ బ్యాలెన్స్ పద్ధతి బయటపెడుతూ ఆటగాళ్లని నాలుగు రకాలుగా విడదీశారు: మామూలువాళ్లు, చేయి తిరిగినవాళ్లు, అంతకంటే పై మెట్టువాళ్లు, జీతానికి ఆడేవాళ్లు. ఒక్కో రకానికి కొలత వేరు. అజీర్ అనే ఇసుక చక్రవర్తి ఉన్నాడు. జీతగాళ్ల చేతిలో ఇంద్రుడు చంద్రుడు. మనలాంటివాళ్లు తీసుకుంటే ఓడే ఆటలే ఎక్కువ. జీతగాళ్లని చూసి కత్తెర వేస్తే మామూలువాడు మునుగుతాడు, మామూలువాడిని చూసి బలం పెంచితే పోటీలన్నీ అతనితోనే నిండిపోతాయి. ఆ పని చేసేవాళ్ల టెన్షన్ తలుచుకుంటే నాకు నిజంగానే జాలేస్తుంది. మీరు మాత్రం ఆ నలుగురినీ ఒకే బండిలో ఎక్కించి, ఒకే టికెట్ కొట్టేస్తారు.

2001లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ కథ మీకు గుర్తుందా? ఉండే ఉంటుంది, గుర్తుచేసుకోవడం ఇష్టం లేకపోవచ్చు. ఇంటర్నెట్‌లో ప్యాచ్‌లు వదిలే రోజులకి ముందటి ఆట. యూరప్‌లో అమ్మిన కాపీ సంగతి పక్కన పెడితే, ఇన్నేళ్లలో దానికి చెప్పుకోదగ్గ నెర్ఫూ లేదు, బఫూ లేదు. మరి ఆట మారనప్పుడు మీరు కూడా ఒకసారి రాసేసి ఊరుకోవాలి కదా? ఎన్నిసార్లు దిద్దుకున్నారో మీకే తెలియాలి. జిగ్లీపఫ్ అనే గులాబిరంగు బుడగని తొలిరోజుల్లో కిందికి తోశారు, తర్వాత్తర్వాత పైవరసలోకి మోసుకొచ్చారు. యోషీ అనే పచ్చ డైనోసార్‌తో పెద్ద టోర్నమెంట్ గెలవడం కలలోమాట అన్నారు. జపాన్ నుంచి వచ్చిన ఆమ్సా అనే ఆటగాడు ఏళ్ల తరబడి వాడినే పట్టుకుని, 2022లో ది బిగ్ హౌస్ 10 గెలిచి చూపించాడు. మీరూ యోషీని పైకి జరిపారు. ఆ జరిపినప్పుడు, ఇన్నాళ్లూ మమ్మల్ని నమ్మి యోషీని వదిలేసినవాళ్లకి సారీ అని కింద చిన్నక్షరాలతోనైనా వేశారా? మాకైతే కనపడలేదు.

ఆటగాళ్ల దేశాలకి కూడా మీ చుట్టాలు వరసలు కడుతుంటారు. టెక్కెన్ అంటే కొరియా, జపాన్, తర్వాతే ఎవరైనా. 2019లో లాహోర్ కుర్రాడు అర్స్లాన్ యాష్ ఫుకుఓకాలో ఎవో జపాన్ గెలిచాడు, అదే ఏడాది లాస్ వేగస్‌లో అసలు ఎవో కూడా గెలిచాడు. గెలిచి, మా దేశంలో గట్టివాళ్లు ఇంకా ఉన్నారు అన్నాడు. లాహోర్ ఆటగదుల్లో ఏం వండుతున్నారో అప్పటిదాకా మీకు వాసన కూడా రాలేదు. మా కంటోన్మెంట్ షాపు ఇంకొన్నాళ్లు నడిచుంటే ఏమయ్యేదో! ఇప్పుడక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

ఉగాది నాడు గుళ్లో పంచాంగ శ్రవణం ఉంటుంది కదా, ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. మా అమ్మ నా రాశికి అవమానం అంకె పెద్దదైతే ఆ ఏడాది కొత్త పని ఏదీ మొదలుపెట్టనివ్వదు. మొదలుపెట్టను గనక ఏదీ కలిసిరాదు. కలిసిరాలేదు గనక పంచాంగం నిజమైనట్టే. మీ వ్యవహారం అచ్చం ఇదే. కాకపోతే పంతులుగారికి ఏడాదికొక్క ఉగాది, మీకు ప్యాచ్ పడిన రోజల్లా ఉగాదే. లీగ్‌లోనైతే దాదాపు రెండు వారాలకొకటి. ఆ లీగ్‌వాళ్లే చెప్పుకునే ముచ్చట ఒకటుంది. తొలిరోజుల్లో వ్లాదిమిర్ అనే రక్తమాంత్రికుడి బలం తగ్గించామని మార్పుల జాబితాలో ప్రకటించారు. పొరపాటున ఆ మార్పు ఆటలోకి ఎక్కనే లేదు. అయినా జనం గోలపెట్టారు, వ్లాదిమిర్ గెలుపులు నిజంగానే పడిపోయాయి. వాడికి తగిలింది కత్తెర కాదు, అవమానం 6.

ఇక మా ఊళ్లో మీకున్న అసలు ఉద్యోగం చెబుతాను, జీతం లేని ఉద్యోగం. ఓడిపోయినవాడికి సాకు అందించడం. పైడిరాజు గెలిస్తే అది వాడి వేళ్ల చలవ. ఓడితే "సి టైర్ గాడితో ఇంతకంటే ఏటాడతాం?" పోనీ ఎస్ వాడిని తీసుకోరా అంటే, "అందరూ ఆడేవోడిని నానాడతానేటి?" అని రోషం. రెండు చేతులా మిమ్మల్నే వాడుకుంటున్నాడు. అప్పలరాజు తమ్ముడిది ఇంకో కథ. ఇంటర్ చదివే ఆ గుంటడు, మీరు ఎస్‌లో పెట్టారని ఏదో ఫోన్ ఆటలో ఒక క్యారెక్టర్‌ని వాళ్ల నాన్న ఖాతాలోంచి డబ్బులు కట్టి కొన్నాడు. వాడికి చేయి కుదిరేలోపే పైనుంచి కత్తెర పడింది. నెలాఖరున తండ్రి లెక్క చూసుకుని "డబ్బులెక్కడికెల్లాయిరా?" అని అడిగితే, "నెర్ఫ్ అయిపోయాయి నాన్నా" అన్నాడట. ఆ రాత్రి నుంచి వాడి ఫోన్ కూడా బీరువాలోనే.

పైగా మీ వరసల్లో మా సిగ్నల్ ఎక్కడ? సిరిమానోత్సవం నాడు, అంటే దసరా వెళ్లిన మంగళవారం, ఊరంతా పైడితల్లమ్మ దర్శనానికి వచ్చిన జనమే. ప్రతి చేతిలో వీడియో తీసే ఫోను. ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని ఆట తెరిస్తే, నా ఎస్ టైర్ మొనగాడు ట్రిగ్గర్ నొక్కాక తుపాకీ ఆలోచనలో పడింది. గుండు బయటికొచ్చేసరికి అవతలివాడు నన్ను చంపి, నా సామాన్లు ఏరుకుని, మందు కట్టుకుని వెళ్లిపోయాడు. ఆరోజు మా ఊళ్లో ఎస్ టైర్ ఎవరంటే టవర్ పక్కన ఇల్లు అద్దెకి తీసుకున్నవాడు.

కనుక తమరికి మనవి. మీ ప్రతి పట్టిక అడుగున అది ఎవరి ఆట చూసి రాశారో, ఏ ఊరి సిగ్నల్ మీద, ఎంత ఖరీదు ఫోన్ మీద ఆడారో ఒక లైను వేయండి. డి వరసలోవాడిని దండగ అనే ముందు, వాడిని మనసుపెట్టి ఆడినవాడు ఒక్కడైనా ఉన్నాడేమో విచారించండి. లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి, నామోషీ ఏమీ లేదు. యూట్యూబ్‌లో నోరు వెళ్లబెట్టి ఎర్ర బాణం చూపించే మొహాల వీడియోలు మీ పేరు మీదే నడుస్తున్నాయి, వాటి సంగతి కూడా కాస్త చూసుకోండి.

అలాగని మీరు దుకాణం కట్టేయాలని నా కోరిక కాదు. అందరికీ తూకం వేసినట్టు సమానబలం ఉన్న ఆట రేపు వచ్చిందనుకోండి, పైడిరాజు దేని గురించి అరుస్తాడు? అరవకపోతే మేము గంటస్తంభం దగ్గరికి వెళ్లం. మేము వెళ్లకపోతే ముంత మసాలా బండతనికి సాయంత్రం బేరం పడిపోతుంది. ఆయన ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. ఆ పాపం మీకెందుకు?

ఇట్లు,
మీరు పెట్టిన చోటే ఉన్న,
డి వరసవాడు,
విజయనగరం.

తా.క.: ఉత్తరం రాస్తున్నానని తెలిసి బొబ్బిలి శ్రీను ఒక మాట కలపమన్నాడు. ఫిరంగులకి మీరు ఏ గ్రేడు ఇచ్చుకున్నా వాడికి అభ్యంతరం లేదట. పాపారాయుడిని మాత్రం ఎస్‌లో పెట్టకపోతే వచ్చే ఉత్తరం బొబ్బిలి నుంచి వస్తుందట.