ఈశాన్యానికి వాలిన రేకు

షెడ్డు కప్పుకి వాలు ఎంత ఉండాలో తేల్చేది వానే అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. అది పూర్తిగా కుటుంబ వ్యవహారం.

చెన్నై పెరంబూరులో మా బాబాయి స్కూటర్లకి 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవుతో షెడ్డు తలపెట్టాడు. లెక్క చిన్నదే. ఇనుప రేకైతే 10 అడుగులకి కనీసం అడుగు దింపాలి, సిమెంటు రేకైతే ఇంకా ఎక్కువ, పెంకులైతే మరీ ఏటవాలు. నెల్లూరు వైపు మేస్త్రీ ఇదంతా బీడీ ఆరేలోపే చెప్పేశాడు. అంత తేలిగ్గా తేలిపోతే ఇక ఇంట్లో పెద్దలెందుకు?

పల్లం ఈశాన్యానికే ఉండాలంది పిన్ని. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన కొట్టేదీ అటునుంచే, పక్కింటి తులసికోట ఉన్నదీ అటే. 100 మిల్లీమీటర్ల వాన పడితే ఈ కప్పు మీంచి దాదాపు 1,100 లీటర్లు దిగుతాయి. పిన్ని దాన్ని పుణ్యం ఖాతాలో వేసుకుంది.

అసలు చిక్కు రేకులతో వచ్చింది. వాలు తేలకముందే, ఆఫర్ ఉందని, బాబాయి 10 అడుగుల రేకులు కొనేశాడు. 15 డిగ్రీలు వాలిస్తే రేకు 10 అడుగుల 4 అంగుళాలు కావాలి, చూరుకి ఇంకో అర అడుగు వేరే. అసలు వాలే లేకపోతే కొన్నది అతికినట్టు సరిపోతుంది. బాబాయికి వాలు మీద విరక్తి అక్కడే మొదలైంది.

తమ్ముడు ఫోన్లో యాప్ పెట్టి, అడుగు దింపితే 5.71 డిగ్రీలని ప్రకటించాడు. ఫోను కవరు ఒక మూల ఉబ్బి ఉన్న సంగతి లెక్కలోకి రాలేదు. 2016లో వర్దా తుఫానుకి రేకులు ఎగరడం చూసిన ఎదురింటి పెద్దాయన మాత్రం, "గాలి రేకుని నొక్కదు నాయనా, పైకి పీకుతుంది, కొక్కేలు గట్టిగా బిగించండి" అన్నాడు. కొక్కేల మీద ఎవరికీ అభిప్రాయాల్లేవు కాబట్టి అవి మాత్రం సరిగ్గా పడ్డాయి.

చివరికి 6 అంగుళాలకి రాజీ కుదిరింది. మేస్త్రీ సన్నటి గొట్టంలో నీళ్లు నింపి, రెండు స్తంభాల దగ్గరా మట్టం చూసి, సుద్దముక్కతో గీత గీశాడు.

"అయ్యా, ఈ సంగతి నీళ్లకి కూడా చెప్పారా?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు వాన వెలిసినప్పుడల్లా బాబాయి స్టూలెక్కి, చీపురుతో నీళ్లకి ఈశాన్యం ఎటో చూపిస్తున్నాడు.