రెండు నెలల సైనికుణ్ణి తీసిపారేయకండి

అమెరికాలో వంశచరిత్ర తవ్వేవాళ్ళకు ముత్తాత సైన్యం నుంచి విడుదలైనట్టు ఇచ్చిన కాగితం, అంటే డిశ్చార్జ్ సర్టిఫికెట్, దొరికితే ముందు తేదీలే చూస్తారు. 1918 అక్టోబర్‌లో చేరిక, డిసెంబర్‌లో విడుదల. "ఓస్, ఇంతేనా" అని పక్కన పడేస్తారు. ఒళ్ళు మండేది అక్కడే.

మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1918 ఆగస్టు 31న డ్రాఫ్ట్ (సైన్యంలో నిర్బంధ చేరిక) వయసు 21 నుంచి 18కి దించారు. కాలేజీలు ఖాళీ కాకుండా, కాబోయే అధికారులను అక్కడే తయారుచేసుకోవాలని యుద్ధశాఖ స్టూడెంట్స్ ఆర్మీ ట్రైనింగ్ కోర్ (SATC) అనే విద్యార్థుల సైనిక శిక్షణ దళం పెట్టింది. అక్టోబర్ 1న ఐదు వందలకు పైగా కాలేజీల్లో లక్ష మందికి పైగా ప్రమాణం చేశారు. ఆ పూట నుంచి వాళ్ళు నిజమైన ప్రైవేట్లు, అంటే అట్టడుగు హోదా సైనికులు. నెలకు 30 డాలర్ల జీతం. ఫీజు, తిండి, బస ప్రభుత్వానివి. తప్పు చేస్తే సైనిక చట్టమే. వారానికి డ్రిల్ 11 గంటలు, చదువు 42 గంటలు. చాలాచోట్ల యూనిఫారాలు ఆలస్యమయ్యాయి, తుపాకులు చాలక చెక్కవాటితో కవాతు చేశారు. సరిగ్గా అదే నెలలో ఇన్‌ఫ్లూయెంజా విరుచుకుపడింది. పక్కపక్కనే మంచాలు వేసిన ఇరుకు బారకాసుల్లో అది ఆగుతుందా? యుద్ధరంగం చూడకుండానే పోయిన పిల్లలున్నారు. ఈ దళంవాళ్ళను అప్పట్లోనే, SATC అన్న పొట్టి పేరును 'శనివారం మధ్యాహ్నపు టీ క్లబ్' (Saturday Afternoon Tea Club) అని విప్పి ఎగతాళి చేశారు. ఇప్పుడు మనమూ అదే చేయాలా?

నవంబర్ 11న యుద్ధం ఆగింది. ఆ నెలాఖర్లో రద్దు ఉత్తర్వు వచ్చింది, క్రిస్మస్‌లోపు అందర్నీ ఇంటికి పంపేశారు. పంపింది దళాన్నే రద్దు చేసి, కుర్రాడిలో లోపం చూసి కాదు.

కాగితం వెనక్కి తిప్పండి. 'యుద్ధాలు: లేవు', 'గుర్రపు స్వారీ: లేదు' అన్నవి చూసి నిట్టూర్చకండి. 'క్యారెక్టర్' గడిలో ఏముందో, రిమార్క్స్‌లో అనుమతి లేని గైర్హాజరు గురించి ఏం రాశారో చూడండి. విడుదల కారణం ముందువైపు ఉంటుంది. డ్రాఫ్ట్ కార్డు ఒక్కటే చూపించి సైన్యంలో పనిచేశాడనేవాళ్ళూ ఉన్నారు. అది పేరు నమోదు మాత్రమే, సేవకు రుజువు కాదు.

అసలు ఫైలు కావాలంటే పాత సైనికుల ఫైళ్ళు దాచే సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్‌కు, రికార్డు కోరే స్టాండర్డ్ ఫారం 180 పంపాలి. 1973 జులై 12న అక్కడ మంటలు చెలరేగి, 1912 నవంబర్ నుంచి 1960 జనవరి వరకు విడుదలైన ఆర్మీవాళ్ళ ఫైళ్ళలో సుమారు 80 శాతం కాలిపోయాయి. కాబట్టి "దొరకలేదు" అని జవాబొస్తే సేవే లేదనుకోకండి. సైనిక సేవ వివరాలడిగే 13075 ఫారం నింపి, ఉన్న ఆధారాలతో రికార్డు తిరిగి కూర్చమని అడగండి. చివరి జీతం వోచర్ మిగిలి ఉంటే దాని ఆధారంగా సేవా ధ్రువపత్రం ఇవ్వగలరు.

ఫారంలో పేరు, పుట్టినతేదీ రాసి ఊరుకుంటే మీ అభ్యర్థన ఒకే పేరున్నవాళ్ళ మధ్య గల్లంతవుతుంది. ఆనాటికి సోషల్ సెక్యూరిటీ నంబరే లేదు. అందుకే డిశ్చార్జ్ కాగితంపై సీరియల్ నంబరుంటే తప్పకుండా రాయండి. కాగితమే లేకపోతే అతను తిరిగొచ్చిన కౌంటీ (జిల్లాలాంటిది) రికార్డర్ ఆఫీసులో, అంటే పత్రాలు నమోదు చేసే చోట, అడగండి, చాలామంది అక్కడ నకలు నమోదు చేయించుకున్నారు. ఆ తర్వాత కాలేజీ ఆర్కైవ్స్, 1919 ఇయర్‌బుక్.