అది అప్పగింతల పాట

పోయిన వేసవిలో మా మిత్రుల అమ్మాయి పెళ్లి జరిగింది. ఉదయం ముహూర్తం, సాయంత్రం రిసెప్షన్. కొత్త దంపతులు చేయీ చేయీ పట్టుకుని అడుగులు వేసేవేళ అమెరికా గాయని విట్నీ హూస్టన్ పాడిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ పెట్టారు. నా పక్కన కూర్చున్న కుర్రవాడు ఈ పరాయి దేశంలోనే పుట్టి పెరిగినవాడు. “ఇది విడిపోయేటప్పటి పాట కదా ఆంటీ, పెళ్లిలో పెడతారా?” అని అడిగాడు. ఆ మాట నేను చాలాసార్లు విన్నాను. పాట మాటలు శ్రద్ధగా విన్నవాళ్లే అలా అడుగుతారు. అయినా నాకు ఆ పాట పెళ్లికి సరిగ్గా సరిపోయిందనే అనిపించింది. ఎందుకో చెప్పాలంటే అది పుట్టిన చోటికి వెళ్లాలి.

అమెరికాలోని టెనెసీ కొండల్లో పేద ఇంట పుట్టిన డాలీ పార్టన్ 1967లో, 21 ఏళ్ల వయసులో, అక్కడి పల్లెల సంగీతమైన ‘కంట్రీ’ పాడే పోర్టర్ వాగనర్ టీవీ కార్యక్రమంలో గాయనిగా చేరారు. ఆమెను దేశానికి పరిచయం చేసింది ఆయనే. కొన్నేళ్లకు ఆమె సొంత దారి చూసుకోవాలనుకున్నారు. ఆయన ససేమిరా అన్నారు. వాదనలు జరిగాయి, ఒకరి మాట ఒకరికి ఎక్కలేదు. చివరకు ఆమె ఇంటికి వెళ్లి ఒక పాట రాసి, తెచ్చి ఆయన ఎదుటే పాడారు. విని ఆయన కన్నీళ్లు పెట్టుకుని, ఆ పాటను తానే నిర్మిస్తానన్న షరతు మీద వెళ్లనిచ్చారని ఆమె ఎన్నోసార్లు చెప్పారు. 1973లో నాష్‌విల్‌లో రికార్డు చేసిన ఆ పాట 1974లో కంట్రీ సంగీతం పట్టికలో మొదటి స్థానానికి చేరింది. తర్వాత ఆయన ఆమె మీద దావా వేయడం, అది రాజీతో ముగియడం కూడా జరిగాయి. అయినా 2007లో ఆయన గౌరవార్థం జరిగిన సభలో ఆమె ఆయన కోసం ఇదే పాట పాడారు. కొన్ని నెలలకే ఆయన కన్నుమూశారు.

అంటే ప్రపంచమంతా ప్రేమగీతంగా పాడుకునే ఈ పాట, చెయ్యి పట్టుకుని నడిపించిన పెద్దమనిషి దగ్గర ఒక అమ్మాయి సెలవు తీసుకుంటూ రాసింది. విడిపోయేవాళ్ల పాటల్లో సాధారణంగా నింద ఉంటుంది, లేదా ఉండిపొమ్మన్న బతిమాలుకోలు ఉంటుంది. ఇందులో రెండూ లేవు. నేనుంటే నీకు అడ్డమవుతానని చెప్పి, జ్ఞాపకాలు మాత్రం వెంట తీసుకుని, మూడో చరణంలో నిండు మనసుతో దీవించి వెళ్తుంది. ఆ చరణమే ఈ పాటకు ప్రాణమని నా నమ్మకం. 1975లో లిండా రాన్‌స్టాడ్ అనే గాయని పాడినప్పుడు అది లేదు. ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం విట్నీ రికార్డింగుకు లిండా పాడిన ఆ రూపమే ఆధారమైంది. తనకు మూడో చరణం సంగతి ఫోనులో చెప్పింది డాలీయేనని ఆ రికార్డింగు నిర్మాత డేవిడ్ ఫాస్టర్ తర్వాత చెప్పారు. ఆ ఫోను సంభాషణ జరగకపోయి ఉంటే దీవెన లేని వీడ్కోలే మనకు మిగిలేది.

ఇక విట్నీ గొంతు. పాట మొదట్లో ముప్పావు నిమిషం దాకా ఏ వాద్యమూ ఉండదు. మన ఆలాపనకైనా వెనుక తంబూరా తోడుంటుంది, ఇక్కడ అదీ లేదు. అలా ఒంటరి గొంతుతో మొదలుపెట్టాలని పట్టుబట్టింది ఆ సినిమా కథానాయకుడు కెవిన్ కాస్ట్‌నర్. వెళ్లిపోతున్న మనిషి మొదటి మాట ఎంత కష్టంగా పెగులుతుందో ఆ నిశ్శబ్దంలో వినిపిస్తుంది. చివర్లో అంతా ఒక్క క్షణం ఆగి, డ్రమ్ము మీద ఒకే ఒక్క దెబ్బ పడి, పాట పై శ్రుతికి లేస్తుంది. మన తెలుగు సంఘం పాటల పోటీల్లో పిల్లలందరూ ఆ లేచిన స్వరాన్నే అందుకోవాలని తాపత్రయపడతారు. న్యాయనిర్ణేతలకు నాదొక విన్నపం. మార్కులు ఆ మొదటి నాలుగు పంక్తులకు వేయండి. మెల్లగా, తొణక్కుండా పాడగలగడమే అందులో అసలు కష్టం.

1992 నవంబరు చివరి నుంచి వరుసగా 14 వారాలు విట్నీ పాట అమెరికా బిల్‌బోర్డ్ పాటల పట్టికలో మొదటి స్థానంలో ఉంది. 2012 ఫిబ్రవరిలో విట్నీ చనిపోయినప్పుడు, ఇరవై ఏళ్ల నాటి ఆ పాట మళ్లీ మొదటి పది స్థానాల్లోకి వచ్చింది. ఆమెకు వీడ్కోలు చెప్పడానికి జనానికి ఆమె పాటే దొరికింది.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. పేరుమోసిన రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఈ పాట పాడాలని ముచ్చటపడ్డారు. ప్రచురణ హక్కుల్లో సగం ఇస్తేనే అన్నారు ఆయన మేనేజరు టామ్ పార్కర్. డాలీ రాత్రంతా ఏడ్చారు గానీ ఇవ్వలేదు. రాసినవాళ్ల చేతిలో పాట ఉండటం ఎంత అవసరమో మన సినీకవులను తలచుకుంటే తెలుస్తుంది. హక్కులు ముందే రాసిచ్చి, ఆ తర్వాత దశాబ్దాలపాటు తమ పాట మోగుతున్నా పైసా అందనివాళ్లు ఎందరో. 2012లో భారత కాపీరైట్ చట్టాన్ని సవరించాక గానీ, రాయల్టీలో గీతరచయితకూ సంగీత దర్శకుడికీ వాటా వదులుకోలేని హక్కు కాలేదు.

మన పెళ్లిలో వీడ్కోలు ఒక క్రతువు. తల్లిదండ్రులు కూతురి చేతులు పాలలో ముంచి అత్తింటివారి చేతుల్లో పెడతారు. దానికి తగ్గ పాటలు మన అమ్మమ్మలకు కంఠస్థం. వాటిలోనూ నింద ఉండదు, ఉండిపొమ్మనడమూ ఉండదు. బాధ ఉంటుంది, దీవెన ఉంటుంది. టెనెసీ అమ్మాయి రాసిన పాటను అప్పగింతల పాటల పక్కన పెట్టడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

ఆ సాయంత్రం ఆ కుర్రవాడికి ఇదంతా చెప్పే వ్యవధి లేదు. “మూడో చరణం వస్తోంది, విను” అన్నాను. పెళ్లికూతురి తండ్రి మా ఎదుటి బల్ల దగ్గర, పొద్దున కట్టుకున్న పట్టుపంచెలోనే ఉన్నారు. అప్పగింతలప్పుడు ఆయన కంట తడి లేదు. ఇప్పుడు చేతులు కడుక్కొస్తానని లేచి వెళ్లారు. పాట అయ్యేదాకా తిరిగి రాలేదు.