మహారాజశ్రీ ‘మా బడి తోట’ బోర్డు గారి సముఖమునకు

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే అనుకోండి. కొత్తగా రంగేశారు కాబట్టి ధగధగా మెరిసిపోతున్నారు. మీ వెనక రెండు మళ్ళుండేవి. అవి ఇప్పుడు లేవు. ఆ సంగతి మాట్లాడదామనే ఈ ఉత్తరం.

బుధవారం పొద్దున ‘రేపు అతిథులొస్తున్నారు, తోట నీట్‌గా కనపడాలి’ అన్నారు. నేను పిచ్చిదాన్ని, సంతోషపడ్డాను. రెండు మళ్ళలో 42 అలసంద మొక్కలు. విత్తి అప్పటికి 43 రోజులు. పూత మీదున్నాయి, అక్కడక్కడా చిటికెన వేలంత పిందె కూడా దిగింది. ఆరో తరగతి పిల్లలు ఏ రోజు ఏం చేశారో, ఏం చూశారో నోట్‌బుక్‌లో రాసుకున్నారు. వచ్చినవాళ్ళకి వాళ్ళే చెబుతారులే అనుకుని, క్లాసులో కూర్చోబెట్టి రిహార్సల్ కూడా చేయించాను. మధ్యాహ్నం బయటికొచ్చేసరికి మళ్ళు లేవు. నేల చదును చేసి, చుట్టూ సున్నంతో గీత గీసి ఉంది.

‘గడ్డిలా కనపడుతోంది టీచర్, పీకించేశాం.’

సాయంత్రానికి వ్యాన్‌లో అద్దె పూలకుండీలు దిగాయి. మీకు అటు పది, ఇటు పది.

గురువారం పదింటికి వస్తామన్నవాళ్ళు మూడున్నరకి వచ్చారు. పిల్లలు అప్పటిదాకా ఎండలో వరసల్లోనే నిలబడ్డారు. వచ్చినవాళ్ళు తోట దగ్గర ఆరు నిమిషాలున్నారు, నేను గడియారం చూశాను. అందులో నాలుగు మీ పక్కన ఫొటోకే పోయాయి. ఒక పిల్లాడి చేతికి పార ఇచ్చారు, దాని స్టిక్కర్ కూడా తీయలేదు. ఒక అమ్మాయి చేతికి నీళ్ళ డబ్బా ఇచ్చి కుండీ మీద వంచమన్నారు. డబ్బాలో నీళ్ళు లేవు. అతిథుల బట్టలు తడుస్తాయట. ఆ అమ్మాయి ఖాళీ డబ్బా వంచి నవ్వుతూ నిలబడింది. అయిదు గంటలకి కుండీలు అదే వ్యాన్‌లో వెళ్ళిపోయాయి. మీరు ఉండిపోయారు.

మీరు ఉండిపోతారు. మీకు రెండడుగుల లోతున సిమెంటు పునాది ఉంది. మా విత్తనాలకి ఉన్నది అంగుళం మట్టి.

మీ వంశం సామాన్యమైంది కాదని నాకు తెలుసు. జర్మనీలో ఫ్రోబెల్ 1840లో చిన్నపిల్లల బడికి, ‘పిల్లల తోట’ అనే అర్థంలో, ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టినప్పుడు, అది ఉత్త ముద్దుపేరు కాదు. పిల్లలు సాగు చేసుకోడానికి నిజంగానే మళ్ళుండేవి: ఎవరి మడి వాళ్ళది, అందరికీ కలిపి ఇంకొకటి. తర్వాత తోట జారిపోయింది, పేరు మాత్రం ప్రపంచమంతా పాకింది. ఆ లెక్కన మీ వ్యాపారానికి మూలపురుషుడు ఆయనే. 1869లో ఆస్ట్రియా చట్టం చేసి మరీ పల్లె బడులకి తోట ఉండాలంది. 1902లో న్యూయార్క్ నగరం నడిమధ్యన, పార్కు స్థలంలో, ఫానీ పార్సన్స్ అనే ఆవిడ పిల్లల పొలం మొదలుపెట్టి చిన్న చిన్న మళ్ళు పిల్లలకే అప్పగించింది. 1937లో వార్ధా సభలో గాంధీ, చేతిపనే చదువుకి నడుమ ఉండాలని గట్టిగా పట్టుబట్టాడు. పక్కన ఎక్కడో ఉండటం కాదు, నడుమ. ఇన్నేళ్ళ ఆలోచన అంతా చివరికి ఆకుపచ్చ రేకు మీద తెల్లక్షరాలుగా తేలింది. అందులోనూ రెండో లైను ‘శ్రమ గౌవరం’. రెండుసార్లు రంగు వేశారు, రెండుసార్లూ గౌవరమే.

తమ పరివారం గురించి కూడా నాలుగు మాటలు.

మొక్కలు నాటే రోజు గుంత: ఏటా అదే గుంత. మొక్క మారుతుంది, గుంత మారదు. రిజిస్టర్‌లో కూడుకుంటూ పోతే ఇప్పటికి మా బడి ఒక అడవి.

తోటపని పీరియడ్: శుక్రవారం ఆఖరి గంట. పరీక్షలొస్తే లెక్కలకి, ఆటల పోటీలొస్తే ఆటలకి, వానొస్తే ఇంటికి పోతుంది. వాన వచ్చిన రోజే నేలను చూడాలని ఎవరికీ తోచదు.

సామాన్ల గది తాళం: ఎవరి దగ్గరుందో వాళ్ళు ఆ రోజు సెలవు.

ఎండాకాలం సెలవులు: వీటిని తిట్టి లాభం లేదు. కానీ నీళ్ళెవరు పోస్తారన్న ప్రశ్న పాఠాలు మొదలయ్యే రోజు వేసుకోవాలి, ముగిసే రోజు కాదు. నెల, నెలన్నరలో చేతికొచ్చే తోటకూర, ముల్లంగి లాంటివి వేసుకుని సెలవుల్లోపు ముగించొచ్చు. నేల ఖాళీగా ఉండే రోజుల్లో ఎండుటాకులు కప్పి ఉంచొచ్చు. దీనికి నిధులక్కర్లేదు, క్యాలెండర్ చాలు.

ఇక హోంవర్క్ చేయనివాడికి శిక్ష: ‘పో, కలుపు తియ్.’ ఇది మాత్రం నాకు ఒళ్ళు మంట. ఏడాదంతా మట్టిని శిక్షగా వాడి, ఏడాది చివర మీటింగులో ‘ఈ కాలం పిల్లలకి వ్యవసాయం మీద ఆసక్తి లేదు’ అని నిట్టూరుస్తాం. మార్కులు తగ్గితే మట్టి పిసుక్కోవాల్సిందే అని బెదిరించేది మనమే, మట్టి పిసకడం గొప్పదని మీ మీద రాయించేదీ మనమే.

సరే, ఇవన్నీ వదిలేద్దాం. నేను వదల్లేకపోతున్నది ఆ 42 మొక్కల్ని.

విత్తే ముందు తడిగుడ్డలో 20 గింజలు చుట్టి కిటికీ దగ్గర పెట్టాం. నాలుగో రోజుకి 17 మొలిచాయి. అంటే ఎంత శాతమని అడిగితే, లెక్కల క్లాసులో నోరు విప్పని పిల్లాడు ‘ఎనభై అయిదు’ అన్నాడు. ‘ఎలా చెప్పావురా?’ అంటే, ‘మొలవనివి మూడే కదా టీచర్, ఒక్కోదానికి అయిదు తీసేశా’ అన్నాడు. రెండో బెంచీ అమ్మాయి ఆ మూడింటినీ గోటితో తిప్పి చూసి, మూడింటికీ బొక్కలున్నాయంది. పుచ్చులు. అప్పుడు డబ్బాలోని గింజలన్నీ పేపరు మీద పోసి, బొక్కలున్నవి ఏరేశారు. ఏరమని నేను చెప్పలేదు. చెబితే ఆ శ్రద్ధతో ఏరేవాళ్ళు కూడా కాదు.

ముప్ఫయ్యో రోజుకి చిగుళ్ళ మీద పేనుబంక పట్టింది. వెనకాలే చీమలు. ఆకు మీద నల్లగా, ముళ్ళుముళ్ళుగా ఇంకో పురుగు కనబడితే, అదే దొంగనుకుని ఒకడు చెప్పు తీశాడు. ఆగమన్నాను. పది నిమిషాలు గొంతుక్కూర్చుని చూశాం. ఆ వికారపు పురుగు పేనుబంకని ఒక్కొక్కటే పట్టి తింటోంది. ఎర్రగా గుండ్రంగా ముద్దొచ్చే అక్షింతల పురుగుకి అది పిల్లదశ. ఆ రోజు నుంచి పిల్లలు దానికి కాపలా. ‘మిత్ర పురుగులు’ అన్న పాఠంలో నాలుగు మార్కుల ప్రశ్న ఉంది. ఈసారి దానికి ఎవరూ బట్టీ పట్టలేదు.

ఇంకొక్కటి మిగిలింది. పూత దశలో ఒక్క మొక్కని చుట్టూ మట్టితో సహా జాగ్రత్తగా తవ్వి, బకెట్ నీళ్ళలో వేరు కడిగి, దాని బుడిపెలు చూపించాలని అనుకున్నాను. అవి ఏటా నల్లబల్ల మీద గీస్తాను. పిల్లలు గీసుకుంటారు, బాణం గుర్తు పెట్టి ‘రైజోబియం’ అని రాస్తారు. గాలిలో 78 శాతం నత్రజని ఉన్నా మొక్క దాన్ని ఉన్నపళంగా వాడుకోలేదు, ఆ బుడిపెల్లోని బాక్టీరియా దాన్ని వండి పెడుతుందని ఒప్పజెబుతారు. జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే శాస్త్రవేత్తలు 1886లో ఈ గుట్టు బయటపెట్టారు. రెండేళ్ళకి డచ్ శాస్త్రవేత్త బైయరింక్ ఆ బాక్టీరియాని విడిగా పెంచి చూపించాడు. అమెరికాలో కార్వర్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త, పత్తి పీల్చేసిన నేలలు మళ్ళీ కోలుకోవాలంటే అలసంద, వేరుశనగ వెయ్యమని రైతులకి చెప్పాడు. 1906 నుంచి ఆ పాఠాలు గుర్రపుబండి ఎక్కి పొలాల దగ్గరికే వెళ్ళాయి. అంతటి కథని వేలితో తాకించడానికి నాకు కావలసింది ఒక్క మొక్క.

ఒక్క మొక్క తవ్వి చూపిద్దామనుకున్నాను. నలభై రెండూ పీకి చూపించారు.

పీకితే బుడిపెలు రావు. పొడి నేలలోంచి కాండం పట్టుకుని లాగితే సన్నవేళ్ళు తెగి, బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. ప్రహరీ వెనక కుప్పలో పిల్లలు వెతుక్కున్నారు. మట్టిగడ్డతో సహా ఊడొచ్చిన రెండు మొక్కలు దొరికాయి. రెండో బెంచీ అమ్మాయి ఒక బుడిపెని గోటితో చిదిపి, అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికొచ్చింది.

‘లోపల ఎర్రగా ఉందేంటి టీచర్? రక్తమా?’

రక్తం కాదమ్మా, రక్తానికి చుట్టం. మన రక్తంలో హీమోగ్లోబిన్, దీన్లో లెగ్‌హీమోగ్లోబిన్. లోపల గులాబీ రంగుంటే బుడిపె పని చేస్తోందని గుర్తు. అంటే పీకే నిమిషం దాకా అది పనిలోనే ఉంది. ఈ పాఠం నేను చెత్తకుప్ప పక్కన నిలబడి చెప్పాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చెప్పినవాటిలో మంచి పాఠం అదేనేమో, అందుకే ఇంకా మండుతోంది.

ఇంకో సంగతి విను. అవును, ‘విను’ అనే అన్నాను. ఇందాకటి నుంచి మీరు, తమరు అని నోరు నొప్పి పుట్టింది. పచ్చిరొట్ట ఎరువుగా పెంచిన పైరుని నేలలో కలిపెయ్యడానికి సరైన అదును ఏదో తెలుసా? పూత దశ. కాండం ఇంకా లేతగా ఉంటుంది, త్వరగా కుళ్ళుతుంది. అంటే మీ వాళ్ళు తెలియకుండానే సరిగ్గా అదునుకే చెయ్యి వేశారు. పీకినదాన్ని అక్కడే మట్టిలో కప్పేసినా నేను నోరు మూసుకునేదాన్ని. ఎండాక తగలబెట్టొచ్చని కుప్ప పోశారు! పచ్చి ఎరువుని, 43 రోజులు గాలిలోంచి కూడబెట్టిన నత్రజనిని, తగలబెడతారట! పైగా నీ మూడో లైనులో ‘చేసి నేర్చుకోవడం’ అని ఉంది. ఎవరు చేశారు? ఎవరు నేర్చుకున్నారు? మడి ఎలా ఉంటుందో తెలియకుండానే తోట అందంగా ఉందో లేదో చెప్పేస్తారు. అలసంద తీగ వంకర తిరగకపోతే ఇంకేం చేస్తుంది? కాస్తున్న తోట చిందరవందరగానే ఉంటుంది. నీట్‌గా ఉండేది నువ్వూ, అద్దె కుండీలూ.

కోపంలో ఏకవచనం వచ్చేసింది, క్షమించాలి. నిజం చెప్పాలంటే తప్పు మీది కాదు. మీరు రేకు. నిలబెట్టినచోట నిలబడ్డారు, రాసింది మోశారు. పెద్దగాలి వచ్చిన రోజు పిల్లలు మీ వెనకే దాక్కున్నారని కూడా నాకు గుర్తుంది.

శుక్రవారం ఆఖరి గంట ఎవరూ లాక్కోలేదు. ఎలా మిగిలిందో తెలీదు. సామాన్ల గది తాళం మామూలుగానే దొరకలేదు గానీ, ఫొటో కోసం తెచ్చిన కొత్త పార బయటే మర్చిపోయారు. దాని స్టిక్కర్ ఇప్పుడు లేదు. కుప్ప సగమే వాడిపోయింది. పిల్లలు దాన్ని మోసుకొచ్చి, చిన్నగా తుంచి, సున్నం గీత లోపలే జానెడు లోతు తవ్వి పరిచారు. పైన మట్టి కప్పి నీళ్ళు పోశారు. ఈసారి డబ్బాలో నీళ్ళున్నాయి. నా చీర తడిసింది.

మీ వీపు ఖాళీగా, రంగు లేకుండా ఉంది కాబట్టి, తమ అనుమతి అడగకుండానే దాన్ని వాడుకుంటున్నాం. సుద్దముక్కతో ఇలా రాశారు: ‘గింజలు 20, మొలిచినవి 17. మొక్కలు 42. పూత చూశాం. 43వ రోజు పీకేశారు. 45వ రోజు పాతిపెట్టాం.’ ‘పీకేశారు’ కింద రెండు గీతలు వాళ్ళే కొట్టారు. నేను తుడవమనలేదు. వానకి పోతే మళ్ళీ రాస్తారట.

పాతిపెట్టింది కుళ్ళడానికి మూడు వారాలు ఆగాలి. ఆలోపు అతిథులెవరైనా వచ్చే సూచన ఉంటే ముందుగా తెలియజేయగలరు.

ఇట్లు,
మీ వెనక వైపు ఉండే సైన్సు టీచర్

తా.క.: కిటికీ దగ్గర తడిగుడ్డలో మళ్ళీ 20 గింజలు పెట్టాం. ఈసారి పుచ్చులు ముందే ఏరేశారు. ఇరవైకి ఇరవై వస్తాయని ఒకడు పందెం కాశాడు, రెండో బెంచీ అమ్మాయి పంతొమ్మిది అంటోంది.