గిట్టుబాటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గిట్టుబాటు గారికి,

ఇందుకూరుపేట మండలం నుంచి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగనక్కర్లేదు, నిన్న సాయంత్రం కూడా మా బావ జేబులో నిక్షేపంగా కనిపించారు.

అండమాన్‌కి టికెట్లు తీసినప్పుడు ఇంట్లో అందరి పేర్లూ రాశాం, మీ పేరు రాయలేదు. అయినా చెన్నై విమానాశ్రయంలో మాకంటే ముందు మీరే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. మీ పద్ధతే అంత. పెళ్లి భోజనాల్లో కడుపు నిండాక ఇంకో స్వీటు వేయించేది మీరే. లాడ్జి గదికి ఇరవై నాలుగు గంటలకి డబ్బు కట్టాం గదా అని, పనైపోయినా చివరి నిమిషం దాకా తాళంచెవి ఇవ్వనివ్వనిదీ మీరే. మా జిల్లాలో మీకున్నంత పలుకుబడి ఎమ్మెల్యేలకి కూడా లేదు. వరి నాటినా, రొయ్య పిల్ల వదిలినా, కొడుకుని ఇంజనీరింగులో చేర్చినా ముందు మిమ్మల్ని అడగాల్సిందే. అది తప్పని నేననను. వంద కౌంటు (కిలోకి వంద తూగే) రొయ్యకి పొద్దున ఒక ధర, సాయంత్రం ఇంకో ధర పలికే చోట మిమ్మల్ని అడక్కుండా బతికేదెట్టా? నా ఫిర్యాదల్లా ఒక్కటే. రొయ్యల గుంట గట్టు మీద ఉండాల్సిన మీరు సముద్రంలోకి ఎందుకు దిగారు?

జాలీ బాయ్ దీవి సంగతి మీరు కళ్లారా చూసిందే, కానీ ఈ ఉత్తరం పదిమంది చదువుతారు కాబట్టి చెప్తున్నా. శ్రీ విజయపురం (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) నుంచి వండూరు జెట్టీకి పోయి, అక్కడ పడవెక్కి, మడ అడవుల మధ్యగా ఇంచుమించు ఓ గంట పోవాలి. 1983లో ఏర్పడ్డ మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో చిన్న దీవి అది. హోటళ్లు లేవు, రాత్రి ఉండనివ్వరు. పొద్దున తీసుకుపోయి మధ్యాహ్నానికి వెనక్కి తెచ్చేస్తారు. సోమవారం సెలవు. ఏడాదిలో కొన్ని నెలలు దీన్ని మూసి, దగ్గర్లోని రెడ్ స్కిన్ దీవిని తెరుస్తారు. మనుషులకు దూరంగా పగడాలు కాస్త తెప్పరిల్లాలని ఆ ఏర్పాటు. ప్లాస్టిక్‌ని జెట్టీ దాటనివ్వరు, సంచులన్నీ విప్పి చూస్తారు.

మీరు మొదట నోరు తెరిచింది ఆ జెట్టీలోనే. మా పెద్దమ్మ సంచిలో నెల్లూరు నుంచి మోసుకొచ్చిన మురుకులున్నాయి. కవరు తీసెయ్యమన్నారు. "ఇంత డబ్బు పోసి వస్తే మురుకులు కూడా తిననియ్యరా?" అన్నది పెద్దమ్మ గొంతే గానీ, మాట మీదేనని నాకు తెలుసు. ఆమె మాత్రం కవరు వాళ్ల చేతిలో పెట్టి, మురుకులు కొంగున మూటగట్టుకుని దర్జాగా పడవెక్కింది. మొత్తం ప్రయాణంలో మిమ్మల్ని ఓడించింది ఆమె ఒక్కతే, అదీ అప్పుడొక్కసారే.

పడవ అడుగున గాజు. అందరం తలలు వంచి చూస్తున్నాం. మీరు బావ చెవిలో దూరారు. "ఏంది బావా ఇది, అన్నీ గోధుమరంగు బండలే ఉండాయి? యూట్యూబ్‌లో ఎర్రగా, ఊదాగా మెరస్తా ఉండె గదా!" పడవలో గైడు సిక్కోలు మనిషి. తెలుగు వినబడగానే మా పక్కకి జరిగాడు. "రాయేటి బాబూ, అది జీవి" అని మొదలుపెట్టాడు.

నిజంగానే జీవి. ఒక్కో దిబ్బ మీద వేలాది బుల్లి జంతువులు, ఒక్కోదానికి ఒక నోరు, నోటి చుట్టూ మీసాల్లాంటి చేతులు. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. ఎండ తగిలితే ఆ నాచు వంట చేస్తుంది, అందులో పెద్ద వాటా పగడం తింటుంది. గోధుమరంగు, ఆ పాచి పచ్చ ఆ నాచువే. అంటే ఒంట్లో బాగున్న పగడం చాలావరకు అట్లానే ఉంటుంది. పైగా నీళ్లలో లోతుకు పోయేకొద్దీ వెలుతురులోంచి ముందు మాయమయ్యేది ఎరుపే. వీడియోల్లో ఎరుపు కావాలంటే దీపం పట్టుకుని దిగాలి, లేకపోతే ఇంటికొచ్చాక కంప్యూటర్లో కలపాలి. సముద్రాన్ని సముద్రం రంగులో చూపించారని మీకు అంత కోపమొచ్చింది.

కాస్త ముందుకు పోయాక ఒకచోట కొమ్మలు కొమ్మలుగా తెల్లటి పగడం కనిపించింది. మచ్చలేని తెలుపు. పడవంతా ఒక్కసారి అటు ఒరిగింది. ఫోన్లు పైకి లేచాయి. "ఆఁ, ఇప్పుడు గిట్టింది" అన్నారు మీరు, మా బావ నోటితో, మా పక్క ఒంగోలు కుటుంబం నోటితో, ఇంకా నాకు తెలియని భాషల్లో. సిక్కోలు గైడు మాత్రం ఫొటో తీసుకోమని అనలేదు. "అది బాగోలేదు బాబూ" అని ఊరుకున్నాడు.

నీటి వేడి మామూలు వేసవి కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అట్లాగే ఉంటే, పగడం తన ఒంట్లోని నాచును బయటికి నెట్టేస్తుంది. రంగు పోతుంది, దాంతోపాటు తిండీ పోతుంది. అప్పుడు పైకి కనబడేది అద్దంలాంటి చర్మం కిందున్న సున్నపు ఎముకలే. వేడి త్వరగా తగ్గితే నాచు తిరిగొస్తుంది, లేకపోతే అంతే. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇట్లా తెల్లబడ్డాయి. ప్రపంచమంతా ఇట్లా తెల్లబడటం ఇది నాలుగోసారి అని శాస్త్రవేత్తలు 2024 ఏప్రిల్లో ప్రకటించారు. మొత్తం దీవిలో మీకు డబ్బుకి న్యాయం జరిగిందనిపించిన ఒకే ఒక్క దృశ్యం, ఆకలితో చస్తున్న జంతువుది.

ఇక్కడే మీ మీద నాకు అసలు కోపం. ఒక్క డిగ్రీ అంటే ఏందో తెలియని అమాయకులా మీరు? మా బావ గుంట గట్టు మీద మీరు కాపలా కాసిన రాత్రులెన్ని! కరెంటు పోతే నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగుతాయని జనరేటర్ పక్కనే మంచమేసుకునే మనిషి ఆయన. పీతలు రాకుండా గట్టు చుట్టూ వల, కొంగలు వాలకుండా పైన దారాలు. వైరస్ వస్తుందని సొంత బామ్మర్దిని, అంటే నన్నే, గుంటలో కాలు పెట్టనివ్వడు. అట్లాంటి మనిషి లైఫ్ జాకెట్టు వేసుకుని నీళ్లలో దిగి, నడుమెత్తు పగడపు గుండు మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడి, "తియ్యి తియ్యి, వెనక పడవ రావాల" అని ఫొటో దిగాడు. ఆ రకం గుండు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటూగా పెరుగుతుంది. నడుమెత్తు కావాలంటే మా ముత్తాత పుట్టినప్పుడు మొదలుపెట్టి ఉండాలి. గైడు కేకలేస్తే దిగాడనుకోండి. "ఒక్క ఫొటోకి ఏమైతాది?" అని గొణిగింది మాత్రం మీరు.

ముందురోజు నార్త్ బేలోనూ ఇదే వరస. 20 రూపాయల పాత ఎర్ర నోటు వెనక కొబ్బరిచెట్లు, లైట్‌హౌసు ఉంటాయి చూడండి, అది ఆ తీరం వైపు కనబడే దృశ్యమే. బావ పర్సులోంచి ఆ నోటు తీయించి, "నోటు మీద ఫ్రీగానే ఉండాది గదా, దీనికి మనిషికింత టికెట్టా?" అని అడిగించారు. ఒప్పుకోవాలి, ఆ ప్రశ్నకి నేనూ నవ్వాను.

పెద్దమ్మ విషయం విడిగా చెప్పాలి. ఆమె అండమాన్ వచ్చిందే పగడం కోసం. మా చెల్లెలికి కుజదోషం, ఉంగరంలోకి మంచి జాతి పగడం కావాలి, అంగడిలో కొంటే వేలకి వేలు. "చెట్టు దగ్గరికే పోతుండాం గదా, పండు కొనడమెందుకు?" అన్న ఆలోచన మీదే. ఉంగరంలో పెట్టే ఎర్ర పగడం మధ్యధరా లాంటి సముద్రాల్లో లోతున రాళ్లకి పెరిగే వేరే జాతి అనీ, ఇక్కడున్నవి సున్నపు దిబ్బలు కట్టే రకాలనీ గైడు చెప్పాడు. 1972 వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే వీటినీ చేర్చారనీ, ఒడ్డున పడున్న చచ్చిన ముక్కని సంచిలో వేసుకున్నా కేసేననీ కూడా చెప్పాడు. పెద్దమ్మ చేతిలోది కింద పడేసింది. మీరు వెంటనే, "పోనీ ఇసకైనా సీసాలో పోసుకో, తెల్లగా పంచదారలా ఉండాది" అన్నారు. ఆ ఇసకలో చాలా భాగం చిలుకచేపలు పగడాన్ని కొరికి, నమిలి, అరగక వెనక నుంచి వదిలిందేనని తెలిశాక పెద్దమ్మ కాసేపు కూర్చోవడానికి చోటు వెతుక్కుంది.

తిరుగు పడవలో మీ లెక్క మళ్లీ మొదలైంది. దీవి మీద ఉన్నది ఇన్ని గంటలు, గంటకి ఇంత పడింది, మైపాడుకి పోయుంటే పెట్రోలు ఖర్చుతో రోజంతా సముద్రమే, తిరిగొచ్చేటప్పుడు చేపలు కూడా తెచ్చుకుని మామిడికాయ వేసి పులుసు పెట్టుకునేవాళ్లం. లెక్క తప్పు కాదు. కానీ మైపాడులో పగడం ఉండదు. పగడానికి లోతు లేని, వెచ్చని, తేటగా ఉండే ఉప్పునీళ్లు కావాలి. మా సముద్రంలోకి పెన్న ఒండ్రు తెచ్చి కలుపుతుంది. ఆ ఒండ్రు పుణ్యమే మా వరి, ఆ ఒండ్రు వల్లే మా నీళ్లు బురదరంగు. ఈ రెండిట్లో ఏది గిట్టిందో ఒక పట్టాన తేలేది కాదు. మీరు కూడా చెప్పలేరు, చెప్పగలిగితే ఎప్పుడో చెప్పి ఉండేవారు.

ఇంటికొచ్చాక ఎవరడిగినా బావ ఒకటే మాట: "పర్లేదు, ఒకసారి చూడొచ్చు." ఆ తెల్లకొమ్మల ఫొటో మాత్రం ఆయన వాట్సాప్ డీపీ అయింది.

ఇప్పుడీ ఉత్తరం రాయడానికి కారణం చెప్తా. నిన్న సాయంత్రం జేబులో కనిపించారన్నాను గదా, అప్పుడు మీరిద్దరూ లక్షద్వీప్ లెక్కలు కడుతున్నారు. మొత్తం 36 దీవులు, అందులో మనుషులుండేవి 10, కాబట్టి టికెట్టు కొన్నా 26 దీవులు మనకి నష్టమేనట. అవి కూడా తిప్పి చూపించే ప్యాకేజీ ఉందేమో కనుక్కోమని బావ నాకు పురమాయించాడు. అక్కడికి పోవాలంటే ముందుగా పర్మిట్ తీసుకోవాలి, వచ్చేవాళ్ల పేర్లన్నీ దరఖాస్తులో రాయాలి. ఆ దరఖాస్తు నింపేది నేనే. మీరు ఈలోగా గుంట దగ్గర కాపలా చూసుకోండి.

ఇట్లు,
మీ బావగారి బామ్మర్ది